దిద్దుబాట్లు, తుడిచివేతలు: లేవు

1983 జూన్‌లో నన్ను డిప్యూటీ తహసీల్దారుగా పల్నాడు అంచున ఉన్న ఒక తాలూకా ఆఫీసుకు బదిలీ చేశారు. వినుకొండ నుంచి బస్సులో గంటన్నర ప్రయాణం. నల్లరేగడి నేల, పత్తి, మిరప. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. లంచం ముట్టడని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు నాకంటే ముందే ఆఫీసుకు చేరిందని తెలిసినప్పుడు పైకి మామూలుగా ఉండి లోలోపల పొంగిపోయాను. తర్వాత జరిగిన నష్టానికి ఆ పొంగే సగం కారణం. అందుకే దాన్ని ముందుగా చెప్పేస్తున్నాను.

చేరిన నెల తిరక్కుండానే జిల్లా కేంద్రం నుంచి ఒక పని వచ్చింది. గ్రామ లెక్కల మీద ఫిర్యాదులు పెరిగాయి, అవినీతి ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, దాన్ని అరికట్టే పథకం రాసి మూడు నెలల్లో పంపమన్నారు. ఇందుకు నమ్మకమైన మనిషి కావాలన్నారు. ఆ మనిషిని నేనేనని తాలూకాలో అందరికంటే గట్టిగా నమ్మింది నేనే.

ఆ ఉద్యోగం తెలియని వారి కోసం రెండు మాటలు. అప్పట్లో ఊరి భూముల లెక్కలు కరణం చేతిలో ఉండేవి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే ఉద్యోగం అది. ఆ లెక్కల్లో అడంగల్ అనే రిజిస్టరు ముఖ్యం. ప్రతి సర్వే నంబరుకూ అందులో ఒక వరస ఉంటుంది. పట్టాదారు ఎవరన్నది ఒక గడి, అనుభవదారు ఎవరన్నది ఇంకో గడి. పట్టాదారు కాగితం మీది యజమాని, అనుభవదారు నిజంగా దున్నేవాడు. ఆ ఇద్దరూ ఒకరు కాని చోట, దున్నేవాడికి ఈ లోకంలో ఉన్న ఆధారం ఆ రెండో గడి ఒక్కటే. పంట అప్పుకు సొసైటీ అడిగేది అదే, తగాదా వస్తే కోర్టు అడిగేదీ అదే.

రెవెన్యూ లెక్కల్లో ఏడాదిని ఫసలీ అంటారు. జులైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. పంట నేల మీద ఉండగా కరణం పొలాలు తిరిగి చూడాలి. దీన్ని అజమాయిషీ అంటారు. చూసింది చూసినట్టు అడంగల్‌లో పెన్సిలుతో రాసుకుంటాడు. ఎండాకాలంలో జమాబందీ జరుగుతుంది, అంటే పై అధికారి వచ్చి ఏడాది లెక్కలు తనిఖీ చేస్తాడు. ఆ తనిఖీకి ముందు పెన్సిలు రాతల మీద సిరా పడుతుంది. అప్పటిదాకా ఆ ఏడు ఎవరు దున్నుతున్నారన్నదానికి ఆ పెన్సిలు గీతలు తప్ప ఇంకే రికార్డూ ఉండదు. ఇది నాకు తెలియని విషయం కాదు. శిక్షణలో మొదటి వారమే నేర్పారు.

పన్నెండు ఊళ్లు తిరిగాను. ఎక్కడికి వెళ్లినా పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీ వేయించుకుని, కరణం మీద చెప్పుకోవాల్సింది ఉంటే నిర్భయంగా వచ్చి చెప్పమని దండోరా వేయించేవాణ్ణి. వచ్చినవాళ్లు ఎవరు? పంచాయతీ వరండా ఎక్కడానికి భయం లేనివాళ్లు. అంటే నలభై ఎకరాల వాళ్లు, వాళ్ల బావమరుదులు. పొలంలో గొర్రు తోలుకునేవాడు పని మానుకుని వచ్చి నా ముందు నిలబడి కరణం మీద చాడీలు చెబుతాడని నేనెలా అనుకున్నానో ఇప్పుడు అర్థం కాదు. ప్రజాభిప్రాయం సేకరించాననే అనుకున్నాను. నిజానికి ఊళ్లో కరణంతో పొసగని ఆసాముల మాటలు సేకరించాను.

ఒక ఊళ్లో వెంకట్రావు అని బి.ఏ. చదివిన ఆసామి ఉండేవాడు. తండ్రి పూర్ణయ్య పేరు మీద పొలం బాగా ఉంది. తెల్లచొక్కా, మంచి మాట. వ్యవస్థ మారాలి సార్ అనేవాడు. కరణం శేషగిరిరావు గారు పెన్సిలు రాతలు అమ్ముకుంటారని, డబ్బున్న వాడి పేరు ఉంటుందని, లేనివాడిది రబ్బరుతో పోతుందని సోదాహరణంగా చెప్పాడు. వెంకట్రావు ఇంటి నుంచి వచ్చిన కాఫీ తాగుతూ అన్నీ రాసుకున్నాను. నిజాయితీపరుణ్ణి కాబట్టి ఆ కాఫీని లెక్కలోకి తీసుకోలేదు.

నలభై పేజీల నివేదిక తయారైంది. నాకప్పుడు అది గొప్పగా కనిపించింది. అవినీతి అనే రోగానికి మూలం పెన్సిలు అని తేల్చాను. సిరాను మార్చాలంటే దిద్దినట్టు కనిపిస్తుంది, పెన్సిలును మారిస్తే ఆనవాలు ఉండదు, కాబట్టి పెన్సిలు రాతలు నిషేధించాలి. శేషగిరిరావు గారి పేరు ఉదాహరణగా వేశాను. జిల్లా కేంద్రంలో ఒక పెద్ద అధికారి దాన్ని మెచ్చుకుని, ఇలాంటి పరిశీలన ఇంతవరకూ ఎవరూ చేయలేదన్నారు. అది నిజమే. అంతకు ముందు పనిచేసిన వాళ్లకు బుర్ర ఉంది కాబట్టి చేయలేదు.

1984 జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఒక్కసారిగా రద్దు చేసింది. రికార్డులన్నీ వెంటనే స్వాధీనం చేసుకోవాలని ఆర్డరు వచ్చింది. ఫిర్కాకు, అంటే కొన్ని ఊళ్ల గుంపుకు, ఒక అధికారి చొప్పున వేశారు. ఒక ఫిర్కా నాకు పడింది. వెంట రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ కోటయ్య, ఒక గుమాస్తా, ఒక కానిస్టేబుల్. కోటయ్య నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. బిళ్ల బంట్రోతుగా చేరి ఆ స్థాయికి వచ్చినవాడు.

మాకు ఇచ్చిన స్వాధీన పత్రంలో ఒక గడి ఉంది: రిజిస్టర్లలో దిద్దుబాట్లు, తుడిచివేతలు ఏమైనా ఉన్నచో వివరములు. కరణాలు చివరి నిమిషంలో లెక్కలు తారుమారు చేస్తారేమోనని పెట్టిన గడి అది. పెన్సిలు రాతల సంగతి ఏం చేయాలో మాత్రం ఆర్డర్లో లేదు. ఆ లోటు నా తెలివితో పూడ్చాను. రికార్డులు ఆఫీసుకు చేరాక మా గుమాస్తాలే పెన్సిలు మీద తమకు నచ్చిన పేర్లకు సిరా పూస్తారు కదా, ఆ అవకాశమే లేకుండా చేయాలనుకున్నాను. కాబట్టి స్వాధీనం చేసుకున్న చోటే, కరణం కళ్ల ముందే, పెన్సిలు రాతలన్నీ తుడిపించాలి. సిరాలో ఉన్నదే రికార్డు.

మొదటి ఊళ్లోనే కోటయ్య అడ్డం చెప్పాడు.

"సార్, జమాబందీకి ఇంకా నాలుగు నెలలుంది. ఇప్పుడు పెన్సిలు తుడిస్తే ఈ ఏటికి అనుభవదారు గళ్లో ఏం మిగిలిద్ది?"

"నిజాయితీ మిగులుతుంది" అన్నాను.

"అది ఏ అక్షరాల్తో రాయాల సార్, గుడి దీర్ఘం పెట్టాల్నా?" అని గుమాస్తా వైపు తిరిగాడు. గుమాస్తా తల వంచుకున్నాడు. నాకు కోపం వచ్చింది. కోటయ్యకు కూడా ఆ రాతల్లో వాటా ఉండి ఉంటుందని అనుకున్నాను. ఇతరుల మీద అనుమానం అప్పట్లో నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

మూడో రోజు శేషగిరిరావు గారి ఊరు వెళ్లాం. కళ్లాల్లో మొదటి కోత మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, ఊరంతా ఘాటు. ఆయనకు అరవై దాటాయి. రిజిస్టర్లన్నీ గుడ్డల్లో మూటలు కట్టి, వరసగా అరుగు మీద పెట్టించి, మాకోసం కూర్చుని ఉన్నారు. ఒక్క కాగితం కూడా తక్కువ కాలేదు. అడంగల్ తీసి రబ్బరు పెట్టమన్నప్పుడు మాత్రం ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"డిప్యూటీ గారూ, నా గురించి మీరు పైకి ఏం రాశారో నాకు తెలుసు. నేను కాదనను. తీసుకున్నాను. కానీ ఉన్నవాణ్ణి లేడని, లేనివాణ్ణి ఉన్నాడని రాయలేదు. ఇందులో షేక్ మస్తాన్ అని ఒకడున్నాడు. నిరుడు వేసవిలో పూర్ణయ్య దగ్గర మూడెకరాలు కొన్నాడు. తెల్లకాగితం మీద రాయించుకున్నాడు, రిజిస్ట్రీ కాలేదు. పూర్ణయ్య మొన్న కార్తీకంలో పోయాడు. ఆ మస్తాన్ పేరు ఈ పెన్సిలు గీతలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ఒక్కదానికి మీ చేత్తోనే సిరా వేయండి. తర్వాత మీ ఇష్టం."

"ఆ పేరు రాయడానికి ఎంత ముట్టింది?" అని అడిగాను.

"ఒక టిక్కీ మిరపకాయలు" అన్నారాయన, ఏ మాత్రం తడుముకోకుండా. టిక్కీ అంటే మా వైపు మిరప బస్తా.

నా నివేదికకు ఇంతకంటే రుజువు ఏం కావాలి? లంచం ఒప్పుకున్న మనిషి మాట వినడం నాకు చిన్నతనం అనిపించింది. రబ్బరు గుమాస్తా చేతిలోంచి నేనే తీసుకున్నాను. షే. మస్తాన్, మిరప, య. 3-00 అని ఉన్న వరస నా చేత్తోనే తుడిచాను. శేషగిరిరావు గారు తన సొంత చిట్టా పుస్తకం తెచ్చి, అందులో అజమాయిషీ తేదీలతో అన్నీ ఉన్నాయి, దీన్నయినా తీసుకెళ్లండి అన్నారు. అది మా జాబితాలో ఉన్న రిజిస్టరు కాదని తిరిగిచ్చాను.

తర్వాత స్వాధీన పత్రం నింపాను. దిద్దుబాట్లు, తుడిచివేతలు అన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఉన్నవి అని రాస్తే వివరాలు రాయాలి, ఎవరు తుడిచారో రాయాలి. లేవు అని రాసి సంతకం పెట్టాను. రబ్బరు పొట్టు ఇంకా నా చొక్కా చేతుల మీదే ఉంది. ఫిర్కాలోని ఊళ్లన్నిటికీ అలాగే రాశాను.

మే నెలలో జమాబందీ వచ్చింది. అప్పటికి ఊళ్లలో గ్రామ సహాయకులని కొత్తవాళ్లను వేశారు. పత్తికీ మిరపకూ తేడా తెలిసినవాళ్లే గానీ అడంగల్ మొహం చూడనివాళ్లు. అనుభవదారు గడులు ఖాళీగా ఉన్నాయి, ఏం చేయమంటారని అడిగారు. మళ్లీ ఊళ్లు తిరిగి విచారించడానికి వ్యవధి లేదు. ఖాళీలుంటే తనిఖీ అధికారి ముందు నాకు మాట వస్తుంది. పట్టాదారు పేరునే ఆ గళ్లో దించేయమన్నాను. ఇద్దరు గుమాస్తాలు రెండు రోజుల్లో ముగించారు. మా తాలూకా జమాబందీ చాలా శుభ్రంగా ఉందని ఆ ఏడు మెచ్చుకోలు వచ్చింది.

ఆషాఢంలో వెంకట్రావు ట్రాక్టరు తెచ్చి మస్తాన్ కొన్న మూడెకరాలు దున్నేశాడు. మా నాన్న పొలం, అడంగల్ చూసుకో అన్నాడట. మస్తాన్ కోర్టుకు వెళ్లాడు. తాను సాగులో ఉన్నాడు కాబట్టి వెంకట్రావును పొలంలోకి రాకుండా ఆపమని అడిగాడు. దీన్ని ఇంజంక్షన్ అంటారు. అందులో తేలాల్సింది ఒకటే: ఆ ఏడు ఆ పొలం ఎవరు చేశారు? కరణాన్ని సాక్షిగా పిలిచారు. శేషగిరిరావు గారు తన చిట్టా పుస్తకం పట్టుకుని వచ్చారు. వెంకట్రావు వకీలు ఆయన్ని ఎక్కువేమీ అడగలేదు. నా నలభై పేజీల నివేదిక నకలు తీసి, ఈయన పెన్సిలు రాతలు అమ్ముకుంటాడని ప్రభుత్వమే తేల్చిందని చదివి వినిపించాడు. రహస్య నివేదిక వాళ్ల చేతికి ఎలా వచ్చిందని నేను విచారించలేదు. మా ఆఫీసులో నకళ్లు ఎలా బయటికి పోతాయో నాకు తెలియనిది కాదు. అవినీతి నిర్మూలన మీద రాసిన నివేదిక కూడా అదే దారిన పోయిందని ఒప్పుకోవడం ఇబ్బందిగా ఉండింది, అంతే.

రికార్డు గురించి సాక్ష్యం చెప్పమని నన్నూ పిలిచారు. మస్తాన్‌ను మొదటిసారి చూసింది ఆ సాక్ష్యానికి రెండు రోజుల ముందు. మా ఆఫీసు వసారాలో నిలబడి ఉన్నాడు. సన్నగా, నా వయసే ఉంటుంది. అతనికి నా మీద కోపం ఉన్నట్టు లేదు. అడగడానికి వచ్చాడు.

"అయ్యా, కరణంగారు రాశారని చెప్పక్కర్లేదండి. నా పేరుందని కూడా చెప్పొద్దు. ఆ గళ్లో ఏదో ఉంటే తుడిపించాం అని ఒక్క మాట చెప్పండి చాలు. మిగతాది వకీలుగారు చూసుకుంటారంట."

రికార్డులో ఏముందో అదే చెబుతానన్నాను. అతను దాన్ని మంచిమాటగా తీసుకుని దండం పెట్టి వెళ్లాడు.

కోర్టులో మస్తాన్ వకీలు అడంగల్ పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కాగితం ఆ గడి దగ్గర పల్చబడి నూగులేచి ఉంది. నేను నిలబడ్డ చోటికి కూడా కనిపించింది.

"ఇక్కడ రుద్దినట్టు ఉంది కదండీ?"

"చేతులు మారిన రిజిస్టరు. నలిగి ఉండొచ్చు."

"అంటే ఎవరూ రబ్బరు పెట్టలేదంటారు?"

"స్వాధీన పత్రంలో తుడిచివేతలు లేవని ఉంది."

"పత్రం సంగతి కాదు. మిమ్మల్ని అడుగుతున్నాను."

"లేవు" అన్నాను.

ఈ ఒక్క మాట మీద పేజీలు రాయొచ్చు. అక్కర్లేదు. ఉన్నవి అని చెబితే ఏమయ్యేది? తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు సంజాయిషీ అడిగేవారు. బహుశా ఒక ఇంక్రిమెంటు ఆపేవారు. ప్రమోషను రెండేళ్లు వెనక్కి పోయేది. దానికీ మూడెకరాల నల్లరేగడికీ నేను బోనులోనే తూకం వేసుకున్నాను. వేసుకోలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

బయట మస్తాన్ చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అలవాటు కొద్దీ లేచాడు.

"మీరేమన్నా అడిగుంటే ఇచ్చుకునేవాణ్ణి కదండీ" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అన్నాడు. నేను ఏమీ అడగకపోవడమే తనకు ముంచుకొచ్చిందని అతని లెక్క. ఆ లెక్కలో తప్పు ఇప్పటికీ పట్టుకోలేకపోయాను.

ఇంజంక్షన్ కొట్టేశారు. అప్పీలుకు పోవడానికి మస్తాన్ దగ్గర ఏమీ మిగల్లేదు. కుటుంబాన్ని తీసుకుని చిలకలూరిపేట వైపు పత్తి మిల్లులో హమాలీగా చేరాడని కోటయ్య చెప్పాడు. చెప్పి, నా మొహం చూడకుండా టీకి వెళ్లాడు. రిటైరయ్యే దాకా కోటయ్య నాతో పనిమాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

నాకు ప్రమోషను వేళకే వచ్చింది. 1988లో కనిగిరి వైపు మండల రెవెన్యూ అధికారిగా ఉండగా ఢిల్లీ నుంచి ఒక బృందం వచ్చింది. వెనకబడిన దేశాల్లో పాలన ఎందుకు చెడుతుంది, అవినీతిని ఎలా అరికట్టాలి అన్నది వాళ్ల అధ్యయనం. మా జిల్లా అనుభవాన్ని వివరించడానికి నన్ను పిలిచారు. గోడకు పటం తగిలించి కర్ర పట్టుకుని చెప్పాను. గ్రామాధికారుల మీద ఫిర్యాదులు 1983లో ఇన్ని, ఇప్పుడు సున్నా అన్నాను. కరణాలే లేనప్పుడు కరణాల మీద ఫిర్యాదు ఎవరు చేస్తారని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు. రైతు ఒకప్పుడు ఒక్క వాకిట్లో నిలబడేవాడు, ఇప్పుడు అర్జీ పట్టుకుని అయిదు బల్లల ముందు నిలబడుతున్నాడని, ఒక్కో బల్లకూ ఒక్కో ఆశ ఉందని నేనూ చెప్పలేదు. భోజనాల ముందు ఒక చిన్న వయసు పరిశోధకురాలు మాత్రం, ఈ మార్పు వల్ల ఎవరైనా నష్టపోయారా అని అడిగింది. అలాంటి ఫిర్యాదులేవీ మా దృష్టికి రాలేదన్నాను. ఆమె రాసుకుంది. ఆ మాట ఏ దేశంలో ఏ పథకానికి ఆధారమైందో తెలియదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఇలాంటి అధ్యయనాలు చాలా చేశాను, కొన్నింటికి అధ్యక్షుడిగా కూడా ఉన్నాను. ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది రెండు మాటలు. తీసుకునేవాడు ఎవడని వెతకడం తేలిక, నాలాంటి వాడు ఎవడైనా మూడు నెలల్లో కనిపెడతాడు. ఆ తీసుకునేవాడి చేతిలో ఏ పని జరుగుతోంది, అతన్ని తీసేస్తే రేపు పొద్దున ఆ పని ఎవరు చేస్తారు, చేయకపోతే ఎవరి పొలం పోతుంది అని ముందు తేల్చుకోనివాడు సంస్కరణ జోలికి పోకూడదు. రెండోది, లంచం తీసుకోని ఉద్యోగికి కూడా కాపాడుకోవాల్సిన ఆస్తి ఒకటి ఉంటుంది, అది అతని మంచిపేరు. దాని కోసం అతను ఎంతకు తెగిస్తాడో ఏ నివేదికలోనూ నేను రాయలేదు, రాసినవాణ్ణీ చూడలేదు.

ఇప్పుడు ఇది రాయడం వల్ల మస్తాన్‌కు వచ్చేదేమీ లేదు. దావాకు కాలదోషం పట్టి ఎన్నో ఏళ్లయింది. నేను ఉద్యోగం వదిలే నాటికి ఆ మూడెకరాలు రెండు చేతులు మారాయి. రెండుసార్లూ సక్రమంగా రిజిస్ట్రీ అయ్యాయి.